పది రకాల తొట్టి

ఆ ఉత్తరాన్ని మా ఇంటికి పంపడమే వాళ్లు చేసిన పొరపాటు. మా సందులో టీచరమ్మ ఉంది. ఆవిడకు పంపి ఉంటే కళ్లజోడు తుడుచుకుని, రెండుసార్లు చదువుకుని, ముత్యాల్లాంటి అక్షరాలతో మర్యాదగా జవాబు రాసి ఉండేది. నేను తాపీమేస్త్రిని. అప్పుడే పని నుంచి వచ్చాను, చేతులకు సిమెంటు ఇంకా అంటుకునే ఉంది. గుమ్మంలోనే కవరు చింపి చదివాను. సగం చదివేసరికే ఒళ్లు మండిపోయింది.

సందు చివర మేం కట్టుకున్న మొక్కల తొట్టిలో, ఆఫీసువారు ఆమోదించిన నమూనాకు విరుద్ధంగా, పలు రకాల మొక్కలు పెరుగుతున్నాయట. పదిహేను రోజుల్లో జమ్ము ఒక్కటే ఉంచి మిగిలినవన్నీ తొలగించాలట. లేకపోతే తొట్టిని మట్టితో పూడ్చేస్తారట. కింద సంతకం, దాని పక్కన ముద్ర. ఆ ముద్ర కూడా వంకరగా పడింది.

"ఏం రాశారే?" అంది అత్త లోపల్నుంచి.

"నీ మొక్కలు పీకెయ్యాలట."

"ఎవరు పీకాలట?"

"మనమేనట."

"అయితే ఇంకేం, భయం లేదు. మనం పీకం కదా," అని అత్త మళ్లీ గోడవైపు తిరిగి పడుకుంది.

అత్తకు అంత తేలిగ్గా ఉంది గానీ నాకు లేదు. ఆ తొట్టి ఎందుకు కట్టామో, అందులోకి అన్ని మొక్కలు ఎందుకు వచ్చాయో తెలిస్తే నా కోపం ఎవరికైనా అర్థమవుతుంది.

మా సందులో పదకొండు ఇళ్లు. సందంతా పల్లానికి జారుతూ వస్తుంది, ఆ పల్లం మా గడప దగ్గర ఆగుతుంది. మరుగుదొడ్ల నీళ్లు ఎవరి గుంతల్లోకి వాళ్లవి పోతాయి. స్నానాల నీళ్లు, అంట్ల నీళ్లు, బట్టలు ఉతికిన నీళ్లు ఎక్కడికి పోవాలో మాత్రం ఇళ్లు కట్టినవాళ్లెవరూ ఆలోచించలేదు. అందుకని అవి మా ఇంటికే వచ్చేవి. నేను కాపురానికి వచ్చిన కొత్తలో మా గడప ముందు పది ఇళ్ల సబ్బు నురగ చూసి ఏడ్చాను. ఆ తర్వాత ఏడవడం మానేసి తిట్టడం మొదలుపెట్టాను. ఏ ఇంట్లో ఆరోజు ఏం వండారో గిన్నెలు కడిగిన నీళ్లు చూసి చెప్పేసేదాన్ని.

నాలుగేళ్ల కిందట ఊరి ఆఫీసువాళ్లు ఒక నమూనా కాగితం, రెండు లారీల కంకర ఇచ్చారు. కష్టం మాది. ముప్పై అడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల లోతు. ఇటుక కట్టుబడి నాది, లోపల పరిచిన ప్లాస్టిక్ పట్టా ఆఫీసుది. నీళ్లు ముందు మడ్డి తొట్టిలోకి వస్తాయి. అక్కడ జిడ్డు పైకి తేలుతుంది, మట్టి అడుక్కి చేరుతుంది. మధ్యలో తేరిన నీళ్లు కంకరలోకి దిగుతాయి. పైన నడిచినా చెప్పులు తడవవు, నీళ్లన్నీ కంకర లోపలే, మొక్కల వేళ్ల మధ్యగా పాకుతూ పోతాయి. ఆ వేళ్లను, రాళ్లను పట్టుకుని కంటికి కనపడని క్రిములు బతుకుతాయి. మురికిని తినేది అవి. చివరి గదిలో నీళ్లు తేటగా బయటపడతాయి.

కాగితంలో ఉన్నట్టే మొదటి ఏడు జమ్ము ఒక్కటే నాటాం. వరసగా, నిలువుగా, చూడముచ్చటగా లేచింది. మా గడప ఆరింది. ఆ ఏడాది పొడవునా మా అత్త కాలికి తడి తగలకుండా వీధిలోకి వెళ్లి వచ్చింది.

రెండో ఎండాకాలం గొంగళిపురుగులు పడ్డాయి. ఒక్క జాతి పురుగు, ఒక్క జాతి మొక్క, అడ్డేముంది? పది రోజుల్లో కాడలు మిగిలాయి. వేళ్లు కుళ్లి కంకర పూడుకుపోయింది, నీళ్లు వెనక్కి తన్ని మళ్లీ మా గడపకే వచ్చాయి. అత్తకు చక్కెర జబ్బు. ఆ మురుగులో దిగి తిరగడంతో కాలి వేళ్ల సందులు నానిపోయి పుండు పడింది. ఎన్ని మందులు రాసినా మానలేదు. చివరికి ఆసుపత్రిలో కుడికాలి చిటికెన వేలు తీసేశారు. "మళ్లీ ఆ నీళ్లలో కాలు పెడితే ఈసారి వేలుతో ఆగదు, కాలు తీయాల్సి వస్తుంది," అన్నాడు డాక్టరు. దాచకుండా అన్నాడు. 

అత్త ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని మిగిలిన వేళ్లు లెక్కపెట్టుకుంది. "తొమ్మిదున్నాయి. ఇందులోంచి ఇంకొకటి ఎవరికీ ఇచ్చేది లేదు," అంది. కట్టు విప్పిన మర్నాటి నుంచి కర్ర పట్టుకుని ఇంటింటికీ తిరిగింది.

"మీ పెరట్లో నీళ్లలో బతికే మొక్క ఏదైనా ఉందా? ఉంటే ఒక్క పిలక ఇవ్వండి. మీ నీళ్లు నా వేలు తిన్నాయి, ఒక్క మొక్కైనా ఇవ్వలేరా?"

అలా అడిగితే ఎవరు కాదంటారు? టీచరమ్మ ఎర్రపూల మెట్టతామర ఇచ్చింది. ఒకరు గొడుగు గడ్డి, ఒకరు వట్టివేరు, ఒకరు వస, ఒకరు రెల్లు, మిగతా నలుగురూ కలిసి ఇంకో మూడు రకాలు. మా పెరటి చేమ దుంపలు అత్త స్వయంగా నాటింది. చచ్చీచెడీ బతికిన జమ్ముతో కలిపి మొత్తం పది రకాలు. టైలరు ఒక్కడే ఏమీ ఇవ్వలేదు, సలహా ఇచ్చాడు. వట్టివేరు వేళ్లు తొట్టి అడుగు దాకా దిగుతాయి, మెట్టతామర దుంపలు పైపైన బలుస్తాయి. ఒకటి ఎండకు నీరసిస్తే ఇంకొకటి అప్పుడే చిగురేస్తుంది. పురుగు పడినా ఒకదాని మీదే పడుతుంది. ఇవేవీ మేం చదివి తెలుసుకున్నవి కావు, రోజూ తొట్టి గట్టున కూర్చుని అత్త చూసింది, నాకు చెప్పింది. రెండేళ్లుగా మా గడప తడవలేదు. 

ఇప్పుడు ఆ తొట్టిని పూడిస్తే నీళ్లు మళ్లీ మా గడపకే వస్తాయి. అత్త కాలు పోతుంది. నాకు ఉత్తరంలో కనపడింది అదొక్కటే.

మర్నాడు ఇంజినీరు వచ్చాడు. కుర్రవాడు, మంచివాడు, ఎప్పుడూ జేబులో కొలత టేపు ఉంటుంది. మా సందులో అందరూ టేపు సారు అంటారు. తొట్టి చుట్టూ ఒకసారి తిరిగి, మెట్టతామర పువ్వు దగ్గర ఆగి, మొహం మామూలుగా పెట్టుకున్నాడు.

"మేస్త్రమ్మా, నాకు మీ మీద కోపం లేదు. ఒకే రకమైతే ఎప్పుడు కోయాలో ఒక్కసారి రాసిపెట్టొచ్చు, ఏ మనిషినైనా పంపించొచ్చు. ఇది చూడండి, ఇదేమన్నా తొట్టిలా ఉందా? అడవిలా ఉంది. పెద్దసారు ఫొటో చూసి నన్ను వాయించారు."

"ఫొటో చూశారు సరే, నీళ్లు చూశారా?"

"నీళ్లు బాగుంటే బాగుండొచ్చు. నమూనా ప్రకారం లేదు కదా."

"పది రకాలు ఉన్నాయి కాబట్టే ఇది పనిచేస్తోంది. కావాలంటే నీళ్లే పరీక్ష చేయించండి. ఉన్నది ఉన్నట్టుగా. నెగ్గితే ఒక్క ఆకు ముట్టుకోవద్దు."

"నెగ్గకపోతే?"

"నా చేతుల్తో నేనే పీకుతాను," అన్నాను. నాకు నోటి దురుసు. మాట బయటికొచ్చాక గానీ బరువు తెలియదు. పక్కనే ఉన్న అత్త నా జబ్బ మీద గిల్లింది, కానీ అప్పటికే అతను తలూపి, వచ్చే గురువారం పదింటికి సీసా తెస్తానని చెప్పేశాడు.

నాకు భయం లేదు. చివరి గదిలో నీళ్లు ఎలా ఉన్నాయో రోజూ చూస్తున్నదాన్ని. భయం లేకపోవడమే మా కొంప ముంచింది.

బుధవారం పొద్దున్నే సందంతా నీళ్ల చప్పుడు. ఆఫీసు నుంచి మనుషులు వస్తున్నారంటే ఇల్లు కడగకుండా ఏ ఆడది ఉంటుంది? వాళ్లు చూడబోయేది తొట్టిని, మా స్నానాల గదుల్ని కాదు. అయినా సరే. నా దగ్గర బ్లీచింగ్ పౌడరు అర బస్తా ఉంది, ఎవరిదో ఇంటిమీది నీళ్ల ట్యాంకు కడిగే పనిలో మిగిలింది. ఊరికే పడుందని డబ్బాల్లో పోసి పది ఇళ్లకూ పంచాను. మా ఇంటితో కలిపి పదకొండు. "కాస్త ఎక్కువే చల్లండి, తళతళలాడాలి," అని కూడా చెప్పాను. అందరూ నా మాట విన్నారు. మామూలు రోజుల్లో నా మాట ఒక్కరూ వినరు.

మూడింటికి అత్త తొట్టి గట్టు నుంచి కేకేసింది. "అమ్మాయ్! ఇలా రా. తొట్టి వాసన మారింది."

మా తొట్టికి రోజూ తడిమట్టి వాసన. ఆ మధ్యాహ్నం ఆసుపత్రి వరండా వాసన. చేమ ఆకులు అంచుల దగ్గర తెల్లబోయి వాలిపోయాయి. చివరి గది మూత తీశాను. నీళ్లు బూడిద రంగులో ఉన్నాయి, వాటి మీద పొలుసుల్లాంటివి తేలుతున్నాయి. కంకర పట్టుకుని బతికే క్రిములు చచ్చి, ఊడి, కొట్టుకొచ్చేస్తున్నాయి. క్రిములను చంపడానికే కదా బ్లీచింగ్ పౌడరు కనిపెట్టింది. అది నాకు తెలియక కాదు, తట్టలేదు. నాలుగేళ్ల కష్టాన్ని నేనే డబ్బాల్లో పోసి పంచిపెట్టాను.

సందంతా తొట్టి దగ్గర చేరింది. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. తిట్టి ఉంటే నాకు సుఖంగా ఉండేది.

టైలరు గొంతు సవరించుకున్నాడు. "దీనికింత దిగులెందుకు? పొద్దున్న తొమ్మిదిన్నరకి చివరి గది తోడేసి రెండు బిందెలు కుళాయి నీళ్లు పోద్దాం. ఆయన పట్టేది ఒక్క సీసా. ఎవరికి తెలుస్తుంది?"

అబద్ధమెందుకు, నేను మా ఇంటి బిందెల వైపు చూశాను. అత్త కాలి వైపు కూడా చూశాను. రెండు బిందెలు ఎంత పని?

"సీసా పట్టుకుని ఆయన పోతాడు. ఈ నీళ్లు ఎక్కడికి పోతాయి?" అంది అత్త. "తొట్టి చచ్చిపోయిందో బతికుందో ముందు అది చూడండి. సీసా సంగతి తర్వాత."

నాకు బుద్ధి వచ్చింది. నేను కట్టిన గోడ వంకరగా ఉంటే వంకరగా ఉందని నేనే చెబుతాను, సున్నం వేసి దాచను. తొట్టి విషయంలో మాత్రం ఎందుకు దాచాలి?

గురువారం పదింటికి టేపు సారు సీసాతో వచ్చాడు. అతను మూత తీయకముందే మొత్తం చెప్పేశాను. డబ్బాలతో సహా చెప్పాను. అతను విని, తల పట్టుకుని గట్టు మీద కూలబడ్డాడు.

"ఎంత పని చేశారమ్మా. ఇంకో వారం ఆగి పట్టమంటారా? నాకూ అలాగే ఉంది. కానీ తారీఖు పైన రాసేశారు. సీసాలో పట్టిందే పంపాలి. మీరు చెప్పింది రాయడానికి ఈ ఫారంలో గడి లేదు."

అప్పుడు మొదటిసారి ఆ ఫారం చూశాను. నిజంగానే లేదు.

ఫలితం రావడానికి ఐదు రోజులు. ఆ ఐదు రోజులూ మేం ఊరికే కూర్చోలేదు. సబ్బు నీళ్లు, బట్టల నీళ్లు ఒక్క చుక్క తొట్టిలోకి రాకుండా బకెట్లతో మోసి వెనక ఖాళీ స్థలంలో పారబోశాం. తొట్టిలోకి ఉత్త నీళ్లే వదిలాం. మూడోరోజుకు ఆసుపత్రి వాసన పోయింది. అప్పుడు అత్త ఒక మాట అంది.

"పాలు ఎన్ని ఉన్నా తోడు లేకపోతే పెరుగవుతుందా? దీనికి తోడు వెయ్యాలి."

ఊరి బయట కాలవ గట్టున జమ్ము, రెల్లు కలిసి పెరిగే చోటొకటి ఉంది. నేనూ, టీచరమ్మా పారలు తీసుకుని వెళ్లి ఆ వేళ్ల దగ్గరి నల్లటి బురద నాలుగు బకెట్లు తెచ్చాం. నీళ్లలో కలిపి మడ్డి తొట్టి దాటాక కంకరలో పోశాం. జీవితంలో మొదటిసారి మురికిని కాళ్లావేళ్లా పడి తొట్టిలోకి పిలిచాం. టీచరమ్మ చీర మోకాళ్ల దాకా నల్లబడింది. "పిల్లలకు ముప్పై ఏళ్లు శుభ్రత పాఠం చెప్పాను," అని తనలో తనే నవ్వుకుంది.

మంగళవారం టేపు సారు కాగితం తెచ్చాడు. మురికి లెక్క ముప్పై లోపు ఉండాలట. మాది ఎనభై నాలుగు.

"మీరు మాటిచ్చారు మేస్త్రమ్మా," అన్నాడు నెమ్మదిగా.

"ఇచ్చాను. తప్పుతున్నాను. రాసుకోండి. దానికైనా గడి ఉందా?"

అతని మొహం ఎర్రబడింది. నా మొహమూ ఎర్రబడే ఉంటుంది. ఇన్నేళ్ల పనిలో ఫలానా రోజుకు గోడ లేపుతానంటే లేపాను, అన్న మాట తప్పింది లేదు. సిగ్గేసింది. సిగ్గేసినా సరే, చెయ్యి మొక్క మీదకు పోలేదు. నా మాట పోతే నేను తలొంచుకుని బతకగలను, అత్త కాలు పోతే బతకలేను.

శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి ట్రాక్టరు వచ్చింది, వెనక ట్రాలీ నిండా ఎర్రమట్టి. 

మా సందు మొదలు ఏడడుగుల వెడల్పు. పక్కనే మా స్నానాల గదికని తెచ్చుకున్న రెండొందల ఇటుకలు పేర్చి ఉన్నాయి. నేను ఆలోచించానని చెబితే అబద్ధం. ట్రాక్టరు హారను వినగానే గమేళాలో సిమెంటు, ఇసుక వేసి కలిపేశాను. అది సర్రున సందులోకి తిరిగేలోపు అడ్డంగా మొదటి వరస పేర్చేశాను. అత్త ఒక చివర నిలబడి కర్రతో "ఇటు, ఇంకాస్త ఇటు," అని నాకే పని నేర్పింది. టీచరమ్మ ఇటుకలు అందించింది. టైలరు కూడా వచ్చాడు, ఈసారి సలహా ఇవ్వలేదు, ఇసుక జల్లించాడు.

డ్రైవరు ఇంజను ఆపి కిందికి దిగాడు. "ఏంటక్కా ఇది?"

"గోడ."

"గోడని కనపడుతూనే ఉంది. నడిరోడ్డులో ఎందుకు?"

"నడిరోడ్డు కాదు తమ్ముడూ, మా సందు. నీకేమన్నా పని ఉంటే చూసుకుని రా, రెండో వరస వేస్తున్నాను."

"పచ్చి గోడక్కా. ముందు చక్రం ఆనిస్తే పడిపోతుంది."

"ఆనించు," అన్నాను. తాపీ పట్టుకుని రెండో వరస మీద మోకాలు ఆనించి కూర్చున్నాను. అంత తొందరలోనూ వరస మట్టం తప్పలేదు. అతను నన్ను చూశాడు, అత్తను చూశాడు, ట్రాక్టరు నీడలోకి పోయి కూర్చుని ఫోను తీశాడు. 

నాలుగో వరస అవుతుండగా టేపు సారు వచ్చాడు. స్కూటరు అవతలే ఆపి, ప్యాంటు పైకి పట్టుకుని, తడి ఇటుకలకు తగలకుండా గోడ దాటాడు. అతనికి నిజంగానే కోపం వచ్చింది.

"ఇది నేరం, తెలుసా మీకు? ప్రభుత్వ పనికి అడ్డం! నా ఉద్యోగం పోతుంది!"

"మీ ఆఫీసు వెనకాల నమూనా తొట్టి కట్టింది ఎవరు సారూ?"

"దానికీ దీనికీ..."

"ఎవరు?"

"మీరే."

"జమ్ము ఒక్కటే నాటారు. ఇప్పుడు అందులో ఏముంది?"

అందులో ఏముందో నేను కిందటి నెలే చూశాను. అక్కడి ప్రహరీగోడకు మాట్లు వేయడానికి వెళ్లినప్పుడు కాడలు మాత్రమే మిగిలి ఉన్నాయి, వాటి మీద గొంగళిపురుగులు లావెక్కి ఉన్నాయి. 

అప్పుడు అత్త ముందుకొచ్చింది. కర్ర నాకిచ్చి, చెప్పు విడిచి, కుడికాలు ఎత్తి నా కొత్త గోడ మీద పెట్టింది. 

"లెక్కపెట్టు నాయనా."

అతను చూపు తిప్పుకోబోయాడు.

"లెక్కపెట్టు. కొలతలు తీసేవాడివి కదా. మీ కాగితంలో ఒక్క రకమే రాశారు. ఆ ఒక్కటీ చచ్చిన ఎండాకాలం నాకు ఒక వేలు ఖర్చయింది. ఈసారి తొట్టి పూడిస్తే కాలు ఖర్చవుతుంది. దానికి సంతకం ఎవరు పెడతారు? నువ్వా, మీ పెద్దసారా? పెట్టేవాణ్ణి పిలు, ఇక్కడే కూర్చుంటాను."

డ్రైవరు ఫోను జేబులో పెట్టేశాడు. టేపు సారు ఆ పాదం వంక చాలాసేపు చూశాడు. తర్వాత తలెత్తకుండానే "తొట్టి చూపించండి," అన్నాడు.

తీసుకెళ్లాం. అతను మోకాళ్ల మీద కూర్చుని కంకర చేత్తో తోశాడు. మెట్టతామర ఆకులు మాడాయి, కానీ దుంప దగ్గర కోడి ముక్కు అంత ఎర్రటి మొలక పైకొచ్చింది. వట్టివేరుకు ఏమీ కాలేదు. గొడుగు గడ్డి సగం పసుపు, సగం పచ్చ. జమ్ము నిటారుగానే ఉంది. చేమ మాత్రం నేలకు కరుచుకుపోయింది. అత్త దాని దుంప ఒకటి తవ్వి నొక్కింది. మెత్తగా నీరు కారింది.

"పద్నాలుగు రోజులు," అన్నాడు టేపు సారు చేతులు దులుపుకుంటూ. "నా పూచీ మీద. మళ్లీ సీసా పడతాను. అప్పుడూ నెగ్గకపోతే నేను కూడా ఏమీ చెయ్యలేను."

"మాటివ్వమంటారా?" అన్నాను.

"వద్దమ్మా. మీ మాట నాకొద్దు," అని మొదటిసారి నవ్వాడు. ట్రాక్టరు వెనక్కి పోయింది. ఎర్రమట్టి ఎక్కడ పోశాడో మేం అడగలేదు.

ఆ పద్నాలుగు రోజులు మా సందులో ఎవరి ఇంట్లోనూ బ్లీచింగ్ డబ్బా కనపడితే ఒట్టు. రోజూ పొద్దున్నే ఎవరో ఒకరు చివరి గది మూత తీసి ముక్కు పెట్టి వాసన చూసేవారు. ఒకరోజు తూనీగ వచ్చి రెల్లు మీద వాలిందని టైలరు మిషను ఆపి మరీ వచ్చి చెప్పాడు. పదకొండో రోజుకు తడిమట్టి వాసన తిరిగొచ్చింది. చేమ మాత్రం రాలేదు. అత్త ఆ ఖాళీ చోట కంకర చదును చేసి, రోజూ ఒకసారి అక్కడ కర్రతో తట్టి చూసేది. అది ఆవిడ మొక్క. నాకు ఆవిడ మొహం చూడాలంటే కష్టంగా ఉండేది, ఎందుకంటే దాన్ని చంపిన డబ్బా నాది.

సీసా పట్టారు. ఐదు రోజులు గడిచాయి. టేపు సారు ఫారం పట్టుకుని వచ్చేసరికి నేను తొట్టి గట్టు మీద, అత్త పక్కన కూర్చుని ఉన్నాను. ఏమీ అనకుండా కాగితం నా చేతికిచ్చాడు. ఇరవై రెండు.

నేను ఇరవై రెండు అని గట్టిగా చదివాను. ఇంకోసారి చదివాను. టీచరమ్మ గుమ్మంలోంచి "ఎంత?" అని అరిచింది. మూడోసారి నేను అరిచాను, ఏడుపొచ్చేసింది. 

"ఇంకొక్క గడి మిగిలిందమ్మా," అన్నాడు టేపు సారు పెన్ను తీస్తూ. "మొక్క పేరు. ఒక్కటే పడుతుంది. జమ్ము అని రాసేస్తాను. మిగతావి మీరు ఉంచుకోండి, నేను చూడనట్టు ఉంటాను. పెద్దసారు సంతకం పెట్టేస్తారు, ఎవరికీ గొడవ ఉండదు."

మంచి మనసుతోనే అన్నాడు. ఒక్క క్షణం నాకూ బాగానే అనిపించింది. గొడవలతో అలిసిపోయి ఉన్నాను. కానీ రేపు ఇతను బదిలీ అయిపోతాడు. ఇంకో సారు వస్తాడు, కాగితంలో జమ్ము అని చూస్తాడు, మళ్లీ ఉత్తరం వస్తుంది, మళ్లీ ఆ ముద్ర వంకరగా పడుతుంది.

"ఇవ్వండి," అన్నాను. అతని చేతిలోంచి పెన్ను తీసుకున్నాను. సిమెంటు పట్టిన వేళ్లతో జమ్ము అని రాశాను. పక్కనే వట్టివేరు అని రాశాను. గడి అయిపోయింది. మెట్టతామర గీత దాటి అంచుకు పోయింది, రెల్లు అంచు పట్టుకుని కిందికి దిగింది, వస సంతకం చేసేచోటు దాకా వచ్చింది. అతను ఆపలేదు. ఒకసారి చెయ్యి చాపాడు గానీ వెనక్కి తీసుకున్నాడు.

"ఎన్ని రాశారు?" అన్నాడు.

"తొమ్మిది."

"పది అన్నారు కదా? పది రకాలు ఉంటేనే పనిచేస్తుందని మీరే కదా వాదించారు. పెద్దసారు అడిగితే ఏం చెప్పను?"

నేను చేమ పోయిన ఖాళీ చోటు వైపు చూశాను.

అత్త కర్ర ఊని లేచింది. గట్టు దిగి, పొడి కంకర మీద ఆ చివర నుంచి ఈ చివర దాకా, మొక్కల మధ్యగా, ఒక్కో అడుగు వేసుకుంటూ నడిచి వచ్చి అతని ముందు నిలబడింది.

"నేను నడవట్లేదా, తొమ్మిదితో?" అంది. "అదే చెప్పు మీ పెద్దసారుకి."